బహుభాగాల ఆన్‌లైన్ పరీక్షలో విడివిడి ఉత్తీర్ణత: తెలుగు భాషానైపుణ్య పరీక్షకు ఒక నమూనా

వ్యాససంగ్రహం:

తెలుగు శాఖలలో ప్రవేశ, అర్హత, సామర్థ్య పరీక్షలను ఆన్‌లైన్‌లో నిర్వహించడం సాధారణమైంది. ఈ పరీక్షలలో వ్యాకరణం, ఛందస్సు, పఠనావగాహన, లేఖనం వంటి భాగాలున్నా, ఫలితాన్ని మాత్రం మొత్తం మార్కులను బట్టే ప్రకటిస్తున్నారు. ప్రతి భాగంలోనూ విడిగా ఉత్తీర్ణత కావాలనుకున్నప్పుడు పరీక్షను ఎలా నిర్మించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. భాగాల విభజన, ప్రశ్నల సంఖ్యకూ ఉత్తీర్ణత మార్కుకూ ఉన్న సంబంధం, మూడుల్ వేదికలో చేయవలసిన అమరిక, తెలుగు లిపి వలన వచ్చే చిక్కులు, పునఃపరీక్ష నియమం ఇందులో చర్చించిన అంశాలు. విడివిడి ఉత్తీర్ణత నియమం తగినన్ని ప్రశ్నలు, తప్పిన భాగానికే పునఃపరీక్ష అనే రెండింటితో కలిసినప్పుడే న్యాయంగా పనిచేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆన్‌లైన్ పరీక్ష, మూల్యాంకనం, ఉత్తీర్ణత మార్కు, మూడుల్, ఛందస్సు, ప్రశ్ననిధి, పునఃపరీక్ష.

1. ఉపోద్ఘాతం:

ఎం.ఏ. తెలుగు విద్యార్థులకు ఒక భాషానైపుణ్య పరీక్ష పెట్టామనుకుందాం. పఠనావగాహన, వ్యాకరణం, ఛందస్సు, లేఖనం అని నాలుగు భాగాలు. ఒక్కొక్క భాగానికి 20 చొప్పున మొత్తం 80 మార్కులు. ఉత్తీర్ణతకు 60 శాతం, అంటే 48 మార్కులు రావాలి. ఒక విద్యార్థికి వరుసగా 18, 17, 3, 14 వచ్చాయి. మొత్తం 52. నియమం ప్రకారం అతడు ఉత్తీర్ణుడే.

ఛందస్సులో వచ్చిన ఆ మూడు మార్కులను కొంచెం నిదానంగా చూడాలి. నాలుగేసి ఐచ్ఛికాలున్న 20 ప్రశ్నలకు కళ్లు మూసుకొని గుర్తులు పెట్టినా సగటున 5 మార్కులు వస్తాయి. ఈ విద్యార్థికి అంతకంటే తక్కువ వచ్చాయి. ధ్రువపత్రం మీద మాత్రం ఈ సంగతి కనిపించదు. రేపు ఇతడు అధ్యాపకుడై ఉత్పలమాలను బోధించవలసి వస్తే, నష్టపోయేది ఆ తరగతిలో కూర్చున్న విద్యార్థులు.

ఈ లోపాన్ని సవరించడానికి భాగాలవారీగా కనీస మార్కులు పెట్టాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే ఆ నియమాన్ని ఆలోచన లేకుండా అమలు చేస్తే, అన్ని భాగాలలోనూ సమర్థుడైన విద్యార్థి సైతం తప్పే ప్రమాదం ఉంది. ఈ రెండు వైపులనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మొత్తం పద్ధతి, భాగాలవారీ పద్ధతి:

ఒక భాగంలోని లోటును మరొక భాగంలోని మిగులుతో పూడ్చుకోనిచ్చేది మొత్తం పద్ధతి. ఏ భాగానికి ఆ భాగం విడిగా గట్టెక్కాలనేది భాగాలవారీ పద్ధతి. మనకు తెలిసిన పోటీపరీక్షలలో రెండూ ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) మొత్తం పద్ధతికి మంచి ఉదాహరణ. మొదటి పేపరులో 150 మార్కులకు అయిదు భాగాలుంటాయి. ఒక్కొక్కటి 30 మార్కులు. ఓసీ అభ్యర్థులకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం అర్హత మార్కులు. ఓసీ అభ్యర్థికి కావలసినవి 90. మొదటి భాష భాగంలో ఒక్క మార్కు కూడా రాకపోయినా, మిగిలిన 120లో 90 తెచ్చుకుంటే అర్హత లభిస్తుంది. వాస్తవంలో ఇలా జరగడం అరుదు కావచ్చు. నియమం దాన్ని అడ్డుకోవడం లేదన్నది మాత్రం నిజం.

యూజీసీ నెట్ చరిత్ర ఈ చర్చకు మరింత ఉపయోగపడుతుంది. 2012 జూన్‌లో మూడవ పేపరు వ్యాసరూపం నుండి బహుళైచ్ఛిక రూపానికి మారింది. అప్పటి నియమం ప్రకారం జనరల్ అభ్యర్థికి మొదటి రెండు పేపర్లలో 40 శాతం చొప్పున, మూడవ పేపరులో 50 శాతం విడివిడిగా రావాలి. 2018 జులై నుండి పేపర్లు రెండయ్యాయి. మొదటిది 100 మార్కులు, రెండవది 200. ఇప్పుడు రెండింటికీ కలిపి 40 శాతం చాలు. అంటే ఒకే పరీక్ష భాగాలవారీ పద్ధతి నుండి మొత్తం పద్ధతికి వచ్చింది. కనీస మార్కుల తరువాత స్థానక్రమాన్ని బట్టి ఎంపిక ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మార్పు ప్రభావం కొంత తగ్గుతుంది. స్థానక్రమం లేని మన శాఖాపరీక్షలకు ఆ రక్షణ లేదు.

సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో భారతీయ భాష, ఇంగ్లీషు పేపర్లు ఒక్కొక్కటి 300 మార్కులకు ఉంటాయి. రెండింటిలోనూ 25 శాతం విడిగా రావాలి. కానీ ఆ మార్కులు తుది స్థానక్రమంలో చేరవు. ప్రిలిమ్స్ రెండవ పేపరుకు 33 శాతం నియమం కూడా ఇలాంటిదే. దీన్ని మూడవ దారిగా చెప్పుకోవచ్చు. గడప దాటితే చాలు, ఎంత ఎత్తున దాటారన్నది లెక్కలోకి రాదు. శాఖలు ఈ దారిని అంతగా పట్టించుకోలేదు. వర్ణక్రమం వంటి ప్రాథమిక నైపుణ్యాలకు ఇదే తగినదని నా అభిప్రాయం.

3. భాగాల విభజన:

ఏ రెండు నైపుణ్యాలు పరస్పరం ప్రత్యామ్నాయాలు కావో నిర్ణయించడం సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందే పూర్తి కావలసిన పని. అది పూర్తిగా విషయనిపుణుల బాధ్యత. సంధుల్లో గట్టివాడు సమాసాల్లో కొంచెం తడబడితే సర్దుకోవచ్చు. రెండూ వ్యాకరణమే, ఒకే రకమైన విశ్లేషణశక్తిని కోరేవే. కాబట్టి సంధులకు ఒక ఉత్తీర్ణత మార్కు, సమాసాలకు ఒకటి పెట్టడం అనవసరం. వ్యాకరణంలోని నేర్పు ఛందస్సులోని లోటును పూడ్చదు. పద్యపాదాన్ని గణాలుగా విడదీయడం సాధనతో వచ్చే వేరే విద్య. లేఖనం ఈ రెండింటికీ దూరం. బాలవ్యాకరణ సూత్రాలన్నీ అప్పజెప్పగలిగినవారు ఒక పేజీ వచనాన్ని అన్వయం చెడకుండా రాయలేకపోవడం మనకు కొత్త కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విడివిడి ఉత్తీర్ణత మంచిదని ఎనిమిది, పది భాగాలు చేసే ఉత్సాహం శాఖాసమావేశాలలో కనిపిస్తుంది. ఎవరి ప్రత్యేక విషయానికి వారు ఒక గడప కోరుకుంటారు. గడపల సంఖ్య పెరిగేకొద్దీ ఏమవుతుందో తరువాతి విభాగంలోని లెక్క చెబుతుంది.

4. ప్రశ్నల సంఖ్య, ఉత్తీర్ణత మార్కు:

ముందుగా గుడ్డి ఊహను చూద్దాం. మన రాష్ట్రాల డిగ్రీ పరీక్షలలో 40 శాతం బాగా అలవాటైన మార్కు. వ్యాసరూప పరీక్షలో ఏమీ తెలియనివారికి 40 శాతం రాదు. అదే మార్కును బహుళైచ్ఛిక ప్రశ్నలకు తెచ్చి పెడితే అర్థం మారిపోతుంది. నాలుగేసి ఐచ్ఛికాలతో 10 ప్రశ్నలున్న భాగంలో 4 మార్కులు చాలంటే, ఏమీ చదవకుండా గుర్తులు పెట్టినవారిలో నూటికి 22 మంది ఆ భాగాన్ని దాటుతారు. ప్రశ్నలను 20కి పెంచి 8 మార్కులు అడిగితే ఈ సంఖ్య 10కి తగ్గుతుంది. 20లో 10 అడిగితే ఒకరిద్దరికి మించరు. కాబట్టి 40 శాతం అనే అలవాటును బహుళైచ్ఛిక భాగాలకు తీసుకురాకపోవడమే మంచిది.

ఇక సమర్థుడైన విద్యార్థి సంగతి. ప్రతి భాగంలోనూ నూటికి 70 ప్రశ్నలకు సరిగా జవాబు చెప్పగల విద్యార్థిని తీసుకుందాం. నాలుగు భాగాలూ బహుళైచ్ఛికాలే అనీ, ఉత్తీర్ణత 60 శాతమనీ అనుకుందాం. భాగానికి 10 ప్రశ్నలే ఉంటే ఒక్కొక్క భాగాన్ని అతడు దాటే అవకాశం 85 శాతం. వినడానికి బాగానే ఉంది. నాలుగూ ఒకేసారి దాటాలంటే ఆ 85ను నాలుగుసార్లు హెచ్చించాలి. ఫలితం 52 శాతం. అన్ని భాగాలలోనూ ఉత్తీర్ణతాస్థాయికి పది శాతం పైనే ఉన్న విద్యార్థి దాదాపు సగం సందర్భాలలో పరీక్ష తప్పుతాడు! అతడు చేసిన నేరం ఏమీ లేదు. ఏ పది ప్రశ్నలు వచ్చాయన్న యాదృచ్ఛికతే అతణ్ణి తప్పించింది. భాగానికి 20 ప్రశ్నలు పెడితే ఒక్కొక్క భాగానికి అవకాశం 89 శాతానికీ, నాలుగింటికీ కలిపి 62 శాతానికీ పెరుగుతుంది. మెరుగే గానీ చాలదు.

తప్పిన భాగాన్ని మాత్రమే మరొక్కసారి రాయనిస్తే లెక్క మారుతుంది. 20 ప్రశ్నల అమరికలో అతడు నాలుగు భాగాలనూ దాటే అవకాశం 95 శాతం అవుతుంది. 10 ప్రశ్నలతోనైతే 91. ఈ రెండు సంఖ్యలను చూసి 10 ప్రశ్నలే చాలునని తొందరపడకూడదు. రెండవ అవకాశం అసమర్థుడికి కూడా అందుతుంది. ఛందస్సులో నూటికి 40 ప్రశ్నలకే జవాబు చెప్పగల విద్యార్థి 10 ప్రశ్నల భాగాన్ని ఒక్క ప్రయత్నంలో దాటే అవకాశం 17 శాతం. రెండు ప్రయత్నాలు ఇస్తే అది 30 శాతం. 20 ప్రశ్నలుంటే అదే విద్యార్థికి ఒక ప్రయత్నంలో 6, రెండింటిలో 11 శాతం మాత్రమే. ప్రశ్నల సంఖ్య అసమర్థుణ్ణి ఆపుతుంది, పునఃపరీక్ష సమర్థుణ్ణి కాపాడుతుంది. ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పట్టుకుంటే రెండవ వైపు అన్యాయం మిగులుతుంది.

ఈ లెక్కలలో ప్రతి ప్రశ్నా స్వతంత్రమనీ, ప్రశ్నలన్నీ ఒకే కాఠిన్యంతో ఉంటాయనీ అనుకున్నాం. నిజపరీక్షలో అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి. దిశ మాత్రం మారదు. గడపలు ఎనిమిదైతే మొదటి ప్రయత్నంలో అవకాశం ఎంతకు పడిపోతుందో, 62ను మరొక 62తో హెచ్చించి చూసుకోవచ్చు.

5. ఉత్తీర్ణత మార్కును ఎవరు, ఎలా నిర్ణయించాలి?

అన్ని భాగాలకూ 60 శాతం అని రాసుకోవడం సులభం. కానీ ఛందస్సు ప్రశ్నలు కఠినంగా, పఠనావగాహన ప్రశ్నలు తేలికగా ఉన్నప్పుడు రెండు 60లూ సమానం కావు. ఈ చిక్కుకు మూల్యాంకనశాస్త్రంలో ప్రసిద్ధమైన పరిష్కారాలలో విలియం ఆంగోఫ్ 1971లో ప్రస్తావించిన పద్ధతి ఒకటి. ఆయన పేరుతోనే అది వ్యాప్తిలో ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి దాని సవరించిన రూపాలు.

పద్ధతి సరళమైనది. అయిదారుగురు అధ్యాపకులు కూర్చొని, కనీస అర్హత మాత్రమే ఉన్న విద్యార్థిని మనసులో పెట్టుకోవాలి. అటువంటివారు వందమంది ఉంటే ఈ ప్రశ్నకు ఎంతమంది సరిగా జవాబు చెబుతారని ఒక్కొక్క ప్రశ్నకూ అంచనా వేయాలి. ఉత్పలమాలకు యతిస్థానం అడిగితే 80 మంది అని ఒకరు, 70 అని ఒకరు, 90 అని ఒకరు అన్నారనుకుందాం. సగటు 80, అంటే 0.80 మార్కు. ప్రాసభేదాన్ని గుర్తించమన్న ప్రశ్నకు సగటు 0.40 రావచ్చు. ఇలా 20 ప్రశ్నల సగటులనూ కూడితే వచ్చేది ఆ భాగానికి ఉత్తీర్ణత మార్కు. మొత్తం 11.4 వచ్చిందనుకుంటే దాన్ని 11 చేయాలా, 12 చేయాలా అన్నది ఫలితాలు చూడకముందే తీర్మానపుస్తకంలో రాసిపెట్టుకోవాలి. ఫలితాలు చూశాక సవరించే మార్కుకు విలువ ఉండదు.

ఈ కసరత్తులో సంఖ్య కంటే చర్చే ఎక్కువ మేలు చేస్తుంది. ఒకే ప్రశ్నకు ఒక అధ్యాపకుడు 90, మరొకరు 30 అన్నారంటే, ఆ ప్రశ్నలోనో మన పాఠ్యప్రణాళికలోనో ఏదో తేడా ఉన్నట్టే.

6. మూడుల్‌లో అమరిక:

మార్టిన్ డౌగియామాస్ రూపొందించగా 2002లో తొలి సంచిక వెలువడిన మూడుల్ ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అనేక విశ్వవిద్యాలయాల్లో వాడుకలో ఉంది. గూగుల్ ఫారమ్స్ మనవారికి ఎక్కువ పరిచయం. కానీ ఈ పనికి అది చాలదు. దానిలో విభాగాలు ఏర్పరచవచ్చు. మార్కులు మాత్రం ఒకే మొత్తంగా వస్తాయి. విభాగానికొక ఉత్తీర్ణత మార్కు పెట్టే వీలు లేదు. జవాబుల పట్టికను తెరిచి చేతితో సూత్రాలు రాసుకోవలసిందే. ముప్పైమంది విద్యార్థుల వరకు అది సాధ్యమే.

మూడుల్ క్విజ్‌లో కూడా ఒకే క్విజ్ లోపల శీర్షికలతో విభాగాలు చేయవచ్చు. చూడటానికి ప్రశ్నపత్రంలా చక్కగా ఉంటుంది. కానీ ఆ విభాగాలకు విడి ఉత్తీర్ణత మార్కు పెట్టే వీలు ఉండదు. చాలామంది ఆగిపోయే చోటు ఇదే. ప్రతి భాగాన్నీ ఒక ప్రత్యేక క్విజ్‌గా నిర్మించడమే పరిష్కారం. నమూనా పరీక్షలో పఠనావగాహన, వ్యాకరణం, ఛందస్సు మూడు క్విజ్‌లు అవుతాయి. ఒక్కొక్కదాని సెట్టింగులలో ‘గ్రేడ్ టు పాస్’ అన్న గడిలో ఆ భాగం ఉత్తీర్ణత మార్కును రాయాలి. అక్కడ రాసేది శాతం కాదు, మార్కు.

లేఖనాన్ని క్విజ్‌లోని వ్యాసప్రశ్నగా కాక ‘అసైన్‌మెంట్’గా పెట్టడం మేలు. అందులో రూబ్రిక్ వాడవచ్చు. విషయనిర్వహణకు 6, వాక్యనిర్మాణానికీ అన్వయానికీ 6, పదౌచిత్యానికి 4, వర్ణక్రమానికి 4 అని ముందే నిర్దేశిస్తే ఇద్దరు మూల్యాంకనకర్తల మధ్య తేడా తగ్గుతుంది. అసైన్‌మెంట్‌కు కాలపరిమితి పెట్టే సదుపాయం మూడుల్ 4.0 నుండి ఉంది. దీనికీ ‘గ్రేడ్ టు పాస్’ ఉంటుంది. వ్యాసాలు దిద్దే వరకు మిగిలిన మూడు భాగాల ఫలితాలు ఆగవలసిన పని లేకపోవడం మరొక సౌకర్యం.

ఈ నాలుగింటినీ గ్రేడ్‌బుక్‌లో ఒక వర్గం కిందికి చేర్చాలి. ఆ వర్గం మొత్తానికి ఒక ఉత్తీర్ణత మార్కు పెట్టి ఊరుకుంటే మనం వద్దనుకున్న మొత్తం పద్ధతే తిరిగి వస్తుంది. అన్ని భాగాలకూ ఒకే శాతం ఉన్నప్పుడు ఒక సులువైన ఉపాయం ఉంది. వర్గం గణనపద్ధతిగా ‘లోయెస్ట్ గ్రేడ్’ ఎంచుకుంటే, నాలుగు భాగాలలో అతి తక్కువ వచ్చినదే వర్గం ఫలితంగా కనిపిస్తుంది. ఆ అతి తక్కువే గడప దాటిందంటే మిగిలినవన్నీ దాటినట్టే. భాగాలకు వేర్వేరు శాతాలున్నప్పుడు ఈ ఉపాయం పనికిరాదు.

ఈ గణనలో ఒక ఉచ్చు ఉంది. రాయని భాగాలను లెక్కలోంచి తీసివేసే ‘ఎక్స్‌క్లూడ్ ఎంప్టీ గ్రేడ్స్’ అన్న ఎంపిక సాధారణంగా ముందే గుర్తు పెట్టి ఉంటుంది. దాన్ని అలాగే వదిలితే, ఛందస్సు భాగానికి అసలు హాజరు కాని విద్యార్థికి మిగిలిన మూడింటిలో అతి తక్కువది ఫలితంగా వస్తుంది. భయపడి రాయనివాడు ఉత్తీర్ణుడుగా, ధైర్యం చేసి రాసి తప్పినవాడు అనుత్తీర్ణుడుగా కనిపిస్తారు. ఆ గుర్తును తొలగించాలి.

వేర్వేరు ఉత్తీర్ణత మార్కులకు సరైన దారి ‘యాక్టివిటీ కంప్లీషన్’. ప్రతి భాగంలో ‘పాసింగ్ గ్రేడ్’ వస్తేనే అది పూర్తయినట్టు అని పెట్టి, కోర్సు పూర్తి నియమంలో నాలుగు భాగాలనూ చేర్చి, అన్నీ నెరవేరాలన్న షరతును ఎంచుకోవాలి. ఏదో ఒకటి నెరవేరితే చాలన్న ఎంపిక కూడా పక్కనే ఉంటుంది, గమనించాలి. క్విజ్‌లో ఉత్తీర్ణతా మార్కు రావడం గానీ, అనుమతించిన ప్రయత్నాలన్నీ అయిపోవడం గానీ జరిగితే పూర్తయినట్టుగా లెక్కించే ఎంపిక మరొకటి ఉంది. అభ్యాసపరీక్షలకు అది బాగుంటుంది. అర్హతపరీక్షకు తగదు. ధ్రువపత్రాన్ని వేదిక నుండే ఇస్తున్నట్టయితే, ‘రిస్ట్రిక్ట్ యాక్సెస్’లో నాలుగు భాగాలూ ఉత్తీర్ణతతో పూర్తి కావాలన్న నాలుగు షరతులూ పెట్టాలి.

ఈ ‘రిస్ట్రిక్ట్ యాక్సెస్’తోనే మొదటి భాగం తప్పినవారికి రెండవ భాగం తెరుచుకోకుండా చేయవచ్చు. చేయగలం కదా అని చేయడం నాకు సమ్మతం కాదు. వ్యాకరణం తప్పినవాడికి తన ఛందోజ్ఞానం ఎంతో తెలుసుకునే హక్కు ఉంది. పైగా అతడు ఒకేసారి రెండింటికీ సిద్ధపడే వీలు పోతుంది.

కాలం విషయంలో కూడా భాగాల విభజన ఒక బాధ్యత తెస్తుంది. దివ్యాంగులకు వర్తించే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అర్హులైన అభ్యర్థులకు గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడుల్‌లో దీనికి ‘ఓవర్‌రైడ్స్’ ఉన్నాయి. ఒకే క్విజ్ ఉన్నప్పుడు ఒకసారి నమోదు చేస్తే చాలు. భాగాలు నాలుగైతే నాలుగుచోట్లా నమోదు చేయాలి. అరగంట భాగానికి పది నిమిషాలు. ఒక్కచోట మరిచినా, ఆ అభ్యర్థి ఆ భాగంలోనే తప్పే అవకాశం ఎక్కువ.

7. ప్రశ్ననిధి, తెలుగు లిపి:

పునఃపరీక్ష ఉన్నప్పుడు అవే ప్రశ్నలు తిరిగి రాకూడదు. అందుకు ప్రశ్ననిధి నుండి యాదృచ్ఛికంగా ప్రశ్నలు తీసే ఏర్పాటు ఉంది. అయితే 20 ప్రశ్నలనూ ఒకే రాశి నుండి తీయిస్తే ఒకరికి అన్నీ తేలికవి, మరొకరికి అన్నీ కఠినమైనవి రావచ్చు. అప్పుడు శ్రమపడి నిర్ణయించిన ఉత్తీర్ణత మార్కుకు అర్థం పోతుంది. ఛందస్సు నిధిని ఉపవర్గాలుగా చేసి గణవిభజన నుండి 6, పద్యలక్షణాల నుండి 5, యతి నుండి 4, ప్రాస నుండి 3, జాతులు, ఉపజాతుల నుండి 2 చొప్పున తీయించాలి. ఒక్కొక్క ఉపవర్గంలో దాదాపు ఒకే కాఠిన్యం ఉన్న ప్రశ్నలనే ఉంచాలి. కావలసినదానికి కనీసం మూడు రెట్లు నిధిలో ఉంటే రెండవ ప్రయత్నంలో పాత ప్రశ్నలు ఎదురయ్యేది తక్కువ.

ఐచ్ఛికాల క్రమాన్ని మార్చే సదుపాయాన్ని వాడేముందు పాత ప్రశ్నపత్రాలను ఒకసారి సరిచూసుకోవాలి. ‘పైవన్నీ’, ‘పై రెండూ సరైనవే’ అన్న ఐచ్ఛికాలు మన ప్రశ్నపత్రాలలో విరివిగా ఉంటాయి. క్రమం మారితే ‘పైవన్నీ’ మొదటి వరుసకు వచ్చి కూర్చుంటుంది.

లఘుసమాధాన ప్రశ్నలలో తెలుగు పెట్టే చిక్కులు ప్రత్యేకమైనవి. యంత్రం అక్షరాలను పోల్చి చూస్తుంది తప్ప అర్థాన్ని కాదు. ఉత్వసంధి, ఉత్వ సంధి, ఉకారసంధి, ఉకార సంధి అన్నవి మనకు ఒకే జవాబు, యంత్రానికి నాలుగు. అరసున్న పెట్టినవారూ, పెట్టనివారూ ఉంటారు. ‘వాఁడు’, ‘వాడు’ రెండింటినీ అంగీకరిస్తామా అన్నది ప్రశ్ననుబట్టి నిర్ణయించాలి. పొల్లు తరువాత అక్షరాలు కలిసిపోకుండా వేసే కంటికి కనిపించని విభాజకచిహ్నం మరొక తలనొప్పి. ఒకరి ఫోనులో అది పడుతుంది, మరొకరి కీబోర్డులో ఉండదు. రెండు జవాబులూ తెరమీద ఇంచుమించు ఒకేలా ఉన్నా ఒకదానికి మార్కు వస్తుంది, మరొకదానికి రాదు. కీబోర్డు నేర్పును ఛందస్సు మార్కులలో కొలవడం న్యాయం కాదు కనుక, ఈ మూడు భాగాలలో టైపు చేయించే ప్రశ్నలను వీలైనంత తగ్గించాలి.

గణవిభజన దీనికి మంచి ఉదాహరణ. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని టైపు చేయమంటే ఖాళీలు వదిలినవారూ, కామాలు పెట్టినవారూ, కలిపి రాసినవారూ ఉంటారు. ఏడు గణాలకూ ఏడు ఎంపికపెట్టెలు ఇచ్చే ‘క్లోజ్’ రకం ప్రశ్న వాడితే ఈ బాధ తప్పుతుంది. కానీ అప్పుడు పాక్షిక మార్కుల సమస్య వస్తుంది. విద్యార్థి ఒక లఘువును గురువుగా పొరబడితే ఆ ఒక్క గణమే చెడుతుంది. ఒక అక్షరాన్ని లెక్కలో వదిలేస్తే అక్కడినుండి గణాలన్నీ జరిగిపోతాయి. మొదటిది జ్ఞానలోపం, రెండవది తరచుగా ఏమరుపాటు. యంత్రం మాత్రం మొదటిదానికి ఏడింట ఒక వంతు, రెండవదానికి దాదాపు పూర్తి మార్కు కోస్తుంది. గురులఘువుల గుర్తింపునూ, గణాల పేర్లనూ వేర్వేరు ప్రశ్నలుగా అడగడం ఇంతవరకు నాకు కనిపించిన మెరుగైన మార్గం. పాక్షిక మార్కులున్నప్పుడు దశాంశాల విషయం కూడా చూసుకోవాలి. గ్రేడ్‌బుక్ 11.6ను 12గా చూపించేటట్టు అమర్చవచ్చు. ఉత్తీర్ణతను నిర్ణయించేటప్పుడు వేదిక పోల్చేది 11.6నే. తెరమీద 12 చూసిన విద్యార్థి ఎందుకు తప్పానని అడగడం సహజం. రెండు దశాంశస్థానాలు కనిపించేటట్టు ఉంచితే ఈ తగాదా రాదు.

8. పునఃపరీక్ష, ఫలిత ప్రకటన:

క్విజ్‌లకు ప్రయత్నాల సంఖ్య 2 అనీ, గ్రేడింగ్ పద్ధతి అత్యధిక మార్కు అనీ పెట్టాలి. సగటు మార్కును ఎంచుకుంటే మొదటి ప్రయత్నంలో 8 వచ్చినవాడికి గడప 12 అయినప్పుడు రెండవసారి 16 రావాలి. అది పునఃపరీక్ష పేరుతో వేసే శిక్ష. రెండు ప్రయత్నాల మధ్య కనీస వ్యవధి పెట్టే వీలుంది. వారం రోజులు ఇస్తే చదువుకోవడానికి సమయం ఉంటుంది. పాత ప్రయత్నం మీదనే కొత్త ప్రయత్నం మొదలయ్యే ఎంపికను మూసివేయాలి. లేకపోతే పాత ప్రశ్నలే పాత జవాబులతో సహా ఎదురవుతాయి. జవాబులను చూపించే ఎంపికలు పరీక్షాకాలం ముగిసే వరకు మూసి ఉండాలి. లేఖనానికి, ఉత్తీర్ణులయ్యే వరకు తానుగా తిరిగి తెరుచుకునే ఏర్పాటు అసైన్‌మెంట్‌లో ఉంది. గరిష్ఠ ప్రయత్నాలు రెండని అక్కడ కూడా రాయాలి.

ఉత్తీర్ణులైనవారు కూడా రెండవసారి రాసే వీలు ఈ అమరికలో మిగులుతుంది. అత్యధిక మార్కు పద్ధతిలో వారికి నష్టం లేదు, ఇతరులకూ లేదు. దాన్ని నిషేధించడానికి అదనపు క్విజ్‌లు కట్టడం శ్రమకు తగిన పని కాదు.

ఉత్తీర్ణమైన భాగం ఎంతకాలం చెల్లుతుందో నోటిఫికేషన్‌లోనే చెప్పాలి. ఛందస్సు ఒక్కటే తప్పిన విద్యార్థి రెండవ ప్రయత్నంలో కూడా తప్పితే, వచ్చే సెమిస్టరులో నాలుగూ మళ్లీ రాయాలా, ఛందస్సు ఒక్కటే చాలా? ఒక్కటే చాలనడం పై లెక్కలకు అనుగుణమైనది. నాలుగూ మళ్లీ రాయమంటే, ఒకసారి దాటిన మూడు గడపల దగ్గరా అతణ్ణి తిరిగి అదృష్టపరీక్షకు నిలబెట్టినట్టవుతుంది.

ఫలితపత్రంలో ‘అనుత్తీర్ణుడు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. భాగం పేరు, వచ్చిన మార్కు, కావలసిన మార్కు, పునఃపరీక్ష తేదీ అన్న నాలుగూ ప్రతి భాగానికీ ఉండాలి. క్విజ్‌లోని ‘ఓవరాల్ ఫీడ్‌బ్యాక్’లో మార్కుల పరిధిని బట్టి వేర్వేరు వాక్యాలు కనిపించేటట్టు చేయవచ్చు. ఛందస్సులో 9 నుండి 11 మార్కుల మధ్య ఆగినవారికి యతిప్రాసల పాఠాలను, 5 కంటే తక్కువ వచ్చినవారికి గురులఘు నిర్ణయం నుండి మొదలయ్యే పాఠాలను సూచిస్తే, వారం రోజుల వ్యవధిలో ఎవరు ఏ పుస్తకం తెరవాలో వారికి తెలుస్తుంది.